బ్రహ్మకమలము

మన యూళ్లలో బ్రహ్మకమలమను పేర రెండు పువ్వులు వ్యవహారములోనున్నవి. ఒకటి పెరటి కుండీలోనిది. దానిని ఎరుగని వారరుదు. వానకాలపు రాత్రి ఇంటివారు ఇరుగుపొరుగువారిని పిలిచి, కుండీ యెదుట దీపము వెలిగించి, మెల్లగా విచ్చుకొనుచున్న తెల్లని పెద్ద పువ్వునకు హారతి యిత్తురు. తెల్లవారునప్పటికి అది వాడి తల వాల్చును. ఈ మొక్క నాగజెముడు కుటుంబములోనిది. మెక్సికోలోను, దానికి దక్షిణముననున్న దేశములలోను పుట్టినది. మనము ఆకు అనుకొనునది నిజమునకు బల్లపరుపైన కాండము. దాని ముక్కనొకదానిని మట్టిలో గ్రుచ్చినచో చాలును, కొత్త మొక్క లేచును. ఈ విధముగా ఒక ఇంటినుండి పదియిండ్లకు, ఒక యూరినుండి పదియూళ్లకు అది వ్యాపించినది.

రెండవది హిమాలయమున, చెట్లు నిలిచిపోయిన యెత్తునకు పైన, రాళ్ల సందులలో పుట్టునది. దానిని మనలో పెక్కుమంది చూడలేదు. పేరు మాత్రము వినియున్నాము. రెండును ఒకటియే యనుకొనువారు కొందరు. కుండీలోనిదే హిమాలయమునుండి వచ్చినదని నమ్మువారు మరికొందరు. లోకమున పేర్లు పెట్టువారిని ఎవరు శాసింపగలరు? కుండీలోని పువ్వును బ్రహ్మకమలమని పిలిచినందున మాకు బాధ లేదు. కాని ఈ నామసామ్యమువలన ఒక చిక్కు కలుగుచున్నది. ఇంటింట పూయుచున్నది గావున బ్రహ్మకమలమునకు కొదువ లేదని మనము నిశ్చింతగా ఉన్నాము. యాత్రకు పోయినవారు అదే పేరు విని, అసలైనది దొరికినదను సంతోషమున చేయి చాచుచున్నారు. కావున ఆ రెండవ పువ్వును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యవసరమని తోచినది.

మా తరగతిలో ఒకనాడు పద్మపర్యాయములు చెప్పుచుండగా ఒక బాలిక లేచి, "కమలమనగా నీట పుట్టునది గదా, మాస్టారూ! మరి కొండమీద కమలమెట్లు పుట్టును?" అని యడిగెను. ప్రశ్న చక్కనిది. జలజము, పంకజము, సరోజము, అంభోరుహము—ఈ పేర్లన్నియు తామర పుట్టిన తావునే చెప్పును. బ్రహ్మకమలమునకు సరస్సు లేదు, బురద లేదు. అది తామరకు చుట్టమును కాదు. చామంతి, ప్రొద్దుతిరుగుడు ఏ కుటుంబములోనివో ఇదియు ఆ కుటుంబములోనిదే. రూపమునుబట్టి గాక, చూచినవారికి కలిగిన భక్తినిబట్టి వచ్చిన పేరిది.

శాస్త్రజ్ఞులు దీనికి సాసూరియా ఓబ్వల్లాటా అని పేరు పెట్టిరి. మొదటి మాట ఆల్ప్స్ పర్వతములను శోధించిన జెనీవా పండితుడు సోస్యూర్ పేర వచ్చినది. రెండవది లాటిను మాట. చుట్టును ప్రాకారము గలది యని దాని యర్థము. ఈ పేరు మొక్క స్వరూపమును మన పేరుకంటె చక్కగా చెప్పుచున్నది. ఏలయన బ్రహ్మకమలములో మనము రేకులని భ్రమపడునవి రేకులు కావు. అవి పువ్వును చుట్టి కాపాడు పొరలు. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ వన్నెతో, పడవ ఆకారముతో, నూనె కాగితమువలె వెలుతురును లోనికి రానిచ్చుచుండును. వాని నడుమ ఊదారంగు గల చిన్న చిన్న పూలగుత్తులు ఒదిగి యుండును. అవియే నిజమైన పువ్వులు. బయట చలిగాలి, మంచు, వాన. లోపల కొంచెము వెచ్చదనము, పొడిగా నిలిచిన పుప్పొడి. చలిదేశములలో అద్దాల గదిలో మొక్కలు పెంచు ఉపాయమును మనుష్యుడు కనుగొనుటకు ఎంతో ముందే ఈ మొక్క కనుగొన్నది.

ఆ ప్రాకారము దేనినుండి రక్షించునో గమనింపదగును. చలినుండి, జడివాననుండి రక్షించును. మనుష్యుని చేతినుండి రక్షింపదు. సరికదా, ఆ లేత పసిమి పొరలే దూరమునుండి మనలను పిలుచును.

ఈ మొక్క కాశ్మీరమునుండి నేపాళ భూటానముల మీదుగా చైనా నైరుతిభాగము వరకు, హిమాలయము పొడవునను కలదు. కావున ఒక కొండకే పరిమితమైనదని చెప్పరాదు. అయినను దాని రాజ్యము పొడవేగాని వెడల్పు లేనిది. సుమారు మూడున్నరవేల మీటర్లకు దిగువన అది బ్రతుకదు; అయిదువేల మీటర్లకు పైన మంచు దానిని బ్రతుకనీయదు. ఈ రెంటి నడుమ, పర్వతమునకు కట్టిన మొలనూలువంటి సన్నని పట్టీ దాని నివాసము. అందును ప్రతిచోటను పుట్టదు. రాళ్ల మధ్య కొంచెము తేమ, కొంచెము మన్ను నిలిచిన తావులే దానికి కావలెను. ఏడాదిలో సగమునకు పైగా ఆ నేల మంచు క్రింద నుండును. మిగిలిన కొద్ది నెలలలోనే చిగిర్చి, పూచి, విత్తనము పండించి, రాల్చి, మరల మంచు రాకముందే పని ముగించుకొనవలెను. ఆషాఢ శ్రావణములలో పూయ మొదలుపెట్టి భాద్రపదము దాక పూయును. ఆ నడుమ పువ్వును త్రుంచినచో ఒక్క పువ్వు పోయినదని కాదు. ఆ మొక్కకు ఆ యేటి పంట యంతయు పోయినదని లెక్క.

2019 శ్రావణమున మేము నలుగురు ఉపాధ్యాయులము సెలవు పెట్టుకొని కేదారయాత్ర చేసితిమి. గౌరీకుండమునుండి నడకదారి. ఆగని వాన, బురద, ఎదురు వచ్చు కంచరగాడిదలు. దారిప్రక్క ఒకచోట వెదురుబుట్టలో తడిగుడ్డ కప్పి ఒక కుర్రవాడు బ్రహ్మకమలములను అమ్ముచుండెను. శ్రావణమున కేదారేశ్వరుని ఈ పువ్వులతో అర్చించుట ఆ దేశాచారము. మాతో వచ్చిన లెక్కల మాస్టరుగారు మూడు పువ్వులు కొనిరి. ఒకటి స్వామికి, రెండు మన యూరికి తీసికొనిపోవుటకు.

మేము సందేహించుట చూచి ఆయన, "ఏమండీ పంతులుగారూ! ఒక్క పువ్వు కోసినంతమాత్రమున హిమాలయము తరిగిపోవునా?" అని నవ్విరి.

ఆ ప్రశ్నకు ఆ వానలో సమాధానము చెప్పు సావకాశము లేకపోయెను. స్వామికి సమర్పించినది పోగా మిగిలిన రెండు పువ్వులును ఋషీకేశము చేరునప్పటికే నల్లబడి, సంచిలోని బట్టలకు ఘాటైన వాసన పట్టించినవి. ఆయన వానిని గంగయొడ్డున ఒక రాతిమీద ఉంచి నమస్కరించి వచ్చిరి. ఇంటికి వచ్చిన తరువాత ఆ సంవత్సరము కేదారమును దర్శించినవారు పదిలక్షలని పత్రికలో చదివి, ఆయనయే మా బల్లయొద్దకు వచ్చి లెక్క వేసిరి. యాత్రికులలో పెక్కుమంది వేసవిలోనే, పువ్వు పూయకముందే వచ్చి పోవుదురు గావున పదిలక్షలలో నాలుగవ వంతు మాత్రమే పూలకాలమున వత్తురనుకొనిరి. వారిలో నూటికి ఒక్కరే కొందురనుకొనిరి. అట్లనుకొన్నను రెండువేల అయిదువందల పువ్వులు. ఇది ఊహాలెక్క, నిజము దీనికి హెచ్చో తగ్గో కావచ్చును. కాని "ఒక్క పువ్వు" అను మాటలోని దోషమును అది చూపినది. 2023లో కేదారమునకు వచ్చినవారు 19 లక్షలకు పైబడిరి. కోయువాడు ఎప్పుడును ఒక్కటే కోయును. మొక్క మాత్రము అందరి చేతులను భరింపవలెను.

ఆ ప్రాంతపు పల్లెలవారు తరతరములుగా ఈ పువ్వును దేవికి అర్పించుచున్నారు గదా, ఇప్పుడు వచ్చిన కొత్త ముప్పేమి యని యడుగవచ్చును. ఇచ్చట నిదానముగా ఆలోచింపవలెను. కేదారమునుండి మేము గోవిందఘాటుమీదుగా హేమకుండమునకు పోయినప్పుడు మాకు దారి చూపిన వృద్ధుడు తమ పల్లె కట్టుబాటును చెప్పెను. భాద్రపద శుద్ధాష్టమి వారికి నందాష్టమి. ఆ పండుగ రాకముందు ఆ పల్లెలో ఎవరును బ్రహ్మకమలమును ముట్టరట. కోయుటకు పోవువారు స్నానము చేసి, పాదరక్షలు విడిచి కొండయెక్కుదురట. పచ్చికబయళ్లలో కేకలు వేయరాదట. దేవి కినుక వహించునని వారి భయము.

ఈ మాటలు విని మాలో ఒకరు మూఢనమ్మకమని చిరునవ్వు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ నియమమును విప్పి చూచినచో లోపల నున్నదేమి? నందాష్టమినాటికి ముందుగా పూచిన పువ్వులు గింజ కట్టుటకు కొంత గడువు దొరకును. ఉత్తకాళ్లతో రాళ్లమీద ఎక్కువాడు బుట్టలు నింపుకొనలేడు. దేవికి కావలసినన్ని తెచ్చును, అంతే. సంవత్సరమునకు ఒకదినము, పల్లెకు కొందరు మనుష్యులు, మనుష్యునకు కొన్ని పువ్వులు: ఆ భయము పేర వారు పెట్టుకొన్నది ఒక కొలత. మనవంటివారము దూరమునుండి పోయి ఆచారములోని పువ్వును మాత్రము తీసికొని, ఆచారములోని కొలతను విడిచిపెట్టితిమి. దేవి కోపమునకు వెరచినవాడు ఏడాదికి ఒకసారి కోయుచుండగా, వెరపు లేని మనము కాలము పొడవునను కోయించుచున్నాము. ఇందులో మూఢులెవరో చదువరులే చెప్పవలెను.

అందరును కోసినచో ఏమగునో ఊహింపనక్కరలేదు. బ్రహ్మకమలమునకు తోబుట్టువైన మరియొక మొక్క విషయమున అది కంటికి కనబడినది. తూర్పు హిమాలయమున, టిబెట్టు చైనా ప్రాంతములలో, మంచుకమలమని పిలువబడు సాసూరియా జాతి మొక్క యొకటి కలదు. అది జీవితములో ఒక్కసారియే పూచి మరణించును. మందులకై దానిని తరతరములుగా కోయుచున్నారు; ఇటీవల యాత్రికులకు అమ్ముటయు మొదలైనది. కోయువారికి పెద్ద మొక్కలే కావలెను. 2005లో లా, సాలిక్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు నూరేండ్లుగా ఎండబెట్టి భద్రపరచిన మాదిరులను కొలిచి చూడగా, ఆ మొక్క యెత్తు కాలక్రమమున తగ్గిపోయినట్లు తేలినది. అంతగా కోతకు గురికాని దాని సోదరజాతి యొకటి అదే కాలములో తగ్గలేదు. ఎక్కువగా కోసిన కొండలమీది మొక్కలు, అరుదుగా కోసిన కొండలమీదివానికంటె పొట్టివిగా ఉన్నవి. కారణము సులభము. పొడవైనవి విత్తనము రాల్చకముందే బుట్టలోనికి పోయినవి. ఎవరికిని కంటికి ఆనని పొట్టివి మాత్రమే సంతానమును నిలిపినవి. రైతు మేలైన వెన్నును విత్తనమునకు ఉంచి, నాసిదానిని తినును. ఆ కొండలమీద మనుష్యుడు మేలైనదానిని కోసికొని, నాసిదానిని విత్తనమునకు విడిచినాడు.

ఇంకొక తోబుట్టువు మన యూరి మూలికల దుకాణములోనే కలదు. చెంగల్వకోష్ఠు అని మనము కొను సువాసనగల వేరు ఈ సాసూరియా కులములోనిదే. సంస్కృతమున దానికి కుష్ఠమని పేరు. అథర్వవేదము దానిని హిమాలయమున పుట్టిన ఓషధిగా కీర్తించినది. పూర్వము రోమనులు కూడ దానిని ఓడలమీద తెప్పించుకొనిరి. వేరు కావలెనన్నచో మొక్కనే పెల్లగింపవలెను. అన్ని శతాబ్దములు పెల్లగించిన పిదప కొండమీద ఆ మొక్క కరవైనది. 1985లో దేశదేశముల యొడంబడిక ననుసరించి, అడవిలో పుట్టిన కుష్ఠమును దేశాంతరములకు అమ్ముట నిషేధింపబడినది. మన దేశమునందు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేసిన సవరణ, మొదట ఆరు జాతుల మొక్కలకు రక్షణ కల్పించినది. అందు కుష్ఠమొకటి. ఆ ఆరింటిలో మరియొకటి మన శేషాచలపు కొండలలో తప్ప మరెచ్చటను సహజముగా పెరుగని బెడ్డోము సైకస్ అని తెలిసినచో, ఈ కథ హిమాలయమునకే చెందినది కాదని మన పాఠకులకు బోధపడును. అయితే కుష్ఠము విషయమున ఒక మంచి మాటయు కలదు. లాహూలు ప్రాంతపు రైతులు దానిని చేలలో పండింప నేర్చిరి. అడవినుండి దోచుకొనుటకును, చేలో పండించుకొనుటకును గల భేదమే ఒక జాతి బ్రతుకునకు చావునకు గల భేదమైనది.

బ్రహ్మకమలమునకు చేతికోత యొక్కటియే శత్రువు కాదు. ఆ యెత్తులలో పచ్చికబయళ్లను అచ్చటివారు బుగ్యాలులందురు. పలుచని మట్టిపొరమీద గడ్డియు పూలును అల్లుకొని యున్న బయళ్లవి. గుడారములు వేసి రాత్రులు గడపువారు, వంటలు చేయువారు, గుర్రములను తోలుకొని పోవువారు నానాటికి పెరుగగా ఆ పొర చిరిగిపోవుట మొదలైనది. ఒకసారి చిరిగినచో వాన దానిని కడిగివేయును. ఏడాదిలో సగము మంచు క్రింద నుండు నేల మరల మట్టి కూడబెట్టుకొనుటకు తరములు పట్టును. 2018లో ఉత్తరాఖండ ఉన్నతన్యాయస్థానము బుగ్యాలులలో రాత్రి బస చేయుటను నిషేధించి, దినమునకు రెండువందలమందికి మించి పోరాదని తీర్పు చెప్పినది. న్యాయస్థానము వరకు పోవలసి వచ్చినదన్నచో మన నడత ఎట్లున్నదో తెలియుచున్నది.

వీనికన్నిటికిని పైన, లోకమంతటను పెరుగుచున్న వేడిమి కలదు. చలిలో బ్రతుకు మొక్కకు వేడిమి పెరిగినచో చేయదగిన పని యొక్కటే: తరము తరమునకు కొంచెము పైకి జరుగుట. క్రిందినుండి పొదలు, గడ్డి మొక్కలు తరుముకొని వచ్చును. ఇది పైకి పోవును. కాని కొండ స్వరూపమును తలచుకొనుడు. పైకి పోయినకొలది చోటు తరుగును, కడపట శిఖరము. శిఖరమునకు పైన ఆకాశమే గాని నేల లేదు. ఈ ముప్పును ఒక యాత్రికుడు మానుపలేడు. అట్లని తన చేతిలోనున్నదానిని మానుపకుండుటకు అది సాకు కాదు. రోగిని పెద్ద జబ్బు పట్టియున్నప్పుడు చిన్న దెబ్బలైనను తగులకుండ చూచుకొందుము గాని, ఎట్లును జబ్బుమనిషియే గదా యని కొట్టము.

కాపాడుట యనగా కంచె కట్టుట మాత్రమే యనుకొనుటయు పొరపాటే. హేమకుండమునకు పోవు దారిలోనే, ఘాంఘరియా యొద్ద చీలిన మరియొక త్రోవ పుష్పలోయకు పోవును. 1931లో కామేట్ శిఖరమునెక్కి దిగివచ్చుచు ఫ్రాంక్ స్మైత్ అను ఆంగ్లేయుడు ఆ లోయలో దిగి దాని యందమును లోకమునకు చాటెను. 1982లో అది జాతీయోద్యానమైనది. 2005లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. వైశాల్యము 87 చదరపు కిలోమీటర్లకు కొంచెము ఎక్కువ. యాత్రికులు పగటివేళ చూచి తిరిగి రావలసినదే, రాత్రి యుండరాదు. గొర్రెలమందలను కూడ నిషేధించిరి. కాని మేపు నిలిచిన తరువాత పోలిగోనమ్ అను పొడవైన మొక్కయొకటి లోయలో పెక్కుచోట్ల నాక్రమించి చిన్న పూలమొక్కలను అణచివేయజొచ్చినది. దానిని పీకించుట ఉద్యానమువారికి ఏటేటి పనియైనది. మేపు నిలుపుటయే దానికి కారణమా యను విషయమున శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయమునకు రాలేదు. మాకు తోచునదేమనగా, వందలయేండ్లు ఆ కొండలతో కలిసి బ్రతికిన గొల్లవానిని అడుగకుండ, ఆ కొండలను గూర్చి శాసనములు చేయుట తొందరపాటు. నందాష్టమి కొలత తెలిసినవారు వారే.

ఇక మన పండితులు తెచ్చు ఒక ప్రమాణము కలదు. భీముడు ద్రౌపది కోరికపై తెచ్చిన సౌగంధికము ఈ బ్రహ్మకమలమే యనియు, కావున దీనిని తెచ్చుట ఇతిహాససమ్మతమనియు వారందురు. భారతమున సౌగంధికములు కుబేరుని సరస్సులో పూచినవి. అవి నీటిపువ్వులు, ఇది రాతిమీది పువ్వు. రెంటిని ఒకటి చేయుటకు ఆధారము లేదు. అయినను ఆ కథను తలచినందులకు మేము సంతోషించుచున్నాము. అందు పాఠమొకటి యున్నది.

సరస్సునకు కావలియున్న రాక్షసులు భీముని అడ్డగించి, కుబేరుని అనుమతి గొని కోసికొమ్మనిరి. భీముడు రెండు మాటలు చెప్పెను. క్షత్రియుడు యాచింపడనుట మొదటిది. ఈ సరస్సు కొండవాగుల నీటితో నిండినది, కుబేరుని ఇంటిలో పుట్టినది కాదు, కావున అతనికెంతయో సర్వప్రాణులకును అంతయే యనుట రెండవది. ఎంత గొప్పమాట! కొండ, వాగు, పువ్వు ఏ ధనవంతుని సొత్తును కావు, అందరివి. ఈ న్యాయమును నేటి సంస్కర్తలందరును అంగీకరింతురు. కాని భీముడు ఆ న్యాయమునుండి తేల్చినదేమి? అందరిది గావున నేను కోసికొందును. ఆనాడు ఆ దుర్గమపర్వతమునకు పోగలవాడు అతడొక్కడే గనుక ఆ తర్కమువలన సరస్సు ఎండిపోలేదు. నేడు లక్షలమందికి దారి యేర్పడినది; ఆకాశమార్గమున హెలికాప్టరులును కలవు. ప్రతివాడును భీముడై, అందరిది గావున నాది యనుచున్నాడు. అందరిది గావున నేనొక్కడను కోయరాదని తేల్చుకొననంతవరకు, ఉమ్మడి సొత్తు అను మాట దోపిడికి ముద్దుపేరుగా మిగిలిపోవును. మన యూరి చెరువు, మన పోరంబోకు, మన యిసుకవాగు ఇందుకు సాక్షులు.

పూజ మాటయు చెప్పవలెను. మేము పూజను నిందించువారము కాము. నిత్యము పెరటిలో నాలుగు నందివర్ధనములు కోసి దేవునికి పెట్టు ఇంటిలో పుట్టినవారమే. కాని దుర్లభమైన పువ్వుతో చేసిన పూజకు ఫలము హెచ్చను నమ్మకమును మాత్రము విడువవలెను. గీతలో భగవంతుడు ఆకునైనను నీటినైనను చాలుననెను గాని, అరుదైనదానిని తెమ్మని యడుగలేదు. భక్తికి గొప్పతనమునిచ్చెను గాని పువ్వు వెలకు ఇయ్యలేదు. మన పెద్దలు భావపుష్పములని ఎనిమిదింటిని చెప్పి, వానిలో అహింసను మొదటిదానినిగా లెక్కించిరి. ఆ మొదటి పువ్వును తొక్కుకొని పోయి మరియొక పువ్వును తెచ్చుట పూజ యెట్లగును? కేదారేశ్వరుడు ఆ కొండకంతకును స్వామియైనచో, కొండమీద పూచిన పువ్వు పూచినచోటనే ఆయన సన్నిధిలో నున్నది. దానిని త్రుంచి, బుట్టలో పెట్టి, అమ్మి, కొని, ఆయనకే చూపుట వలన ఆయనకు కొత్తగా చేరినదేమి?

అమ్ముకొను కుర్రవాని బ్రతుకుతెరువు ఏమగునని దయగలవారు అడుగుదురు. అడుగవలసినదే. ఆ బుట్టలోని పువ్వులు పూచు నెలలు మూడు. అవి తరిగిపోయిననాడు ఆ బ్రతుకుతెరువును పోవును. మాకు హేమకుండపు దారిలో బ్రహ్మకమలమును చూపిన వృద్ధుడు ఒక్క పువ్వును కోయలేదు. దాని ప్రక్క మోకరిల్లి, పొర నొకదానిని వ్రేలితో కొంచెము తొలగించి, లోపలి ఊదా పూలను, వానిలో తలదాచుకొన్న చిన్న పురుగును మాకు చూపి, మరల యథాస్థానమున మూసెను. చలి, ఆకలి మరచి మేము నలుగురము అచ్చట చాలసేపు నిలిచితిమి. లెక్కల మాస్టరుగారు కెమెరాయైనను తీయక చూచుచుండిరి. దిగివచ్చిన పిదప ఆ వృద్ధునకు మేమిచ్చిన కూలి, బుట్టలోని పువ్వుల వెలకంటె తక్కువ కాదు. మరునాడు వచ్చువారికి చూపుటకు ఆ పువ్వు అచ్చటనే యున్నది. చూపి బ్రతుకుటయు ఒక బ్రతుకుతెరువే. కుష్ఠమును పండించినట్లు దీనిని కూడ పల్లెలవారు తమ యెత్తులలోని మడులలో పెంచి, ఆలయమునకు కావలసిన కొలదిని అందించు మార్గమును ప్రభుత్వము వెదకవచ్చును.

ఏటేట మన జిల్లాలనుండి వేలమంది చార్‌ధామ్ యాత్రకు పోవుచున్నారు. పోవువారికి పెద్దలు అనేక హితములు చెప్పుదురు: కంబళి మరువకుము, మందులు పెట్టుకొనుము, డబ్బు భద్రము. ఇకమీదట వానితోపాటు ఒక్క మాట చేర్చి చెప్పవలసినదని మా ప్రార్థన: బుట్టలోని బ్రహ్మకమలమును కొనకుము, ఓపిక యున్నచో కొండయెక్కి చూచి రమ్ము. కోయబడిన పువ్వునకు కొనువాడు లేనప్పుడు కోయువాడును ఉండడు. ఇందుకు చట్టము కొరకు వేచియుండ నక్కరలేదు, న్యాయస్థానమునకు పోనక్కరలేదు. యాత్రకు పోయి రిక్తహస్తములతో తిరిగివచ్చినవానిని చూచి, ఏమి తెచ్చితివని యడుగుట మాని, ఏమి చూచితివని యడుగు అలవాటు మన యిండ్లలో కలిగినచో చాలును.